చక్కెర మధ్య ఆకలిగొన్న గుండె

గుంటూరు కొత్తపేటలో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఆమ్లోడిపిన్ రాసిన చీటీ ఒకటైనా కంటబడుతుంది. ఇళ్ళలో దాని పేరు ఎవరూ పలకరు. ‘నాన్నగారి బీపీ బిళ్ళ’ అంటే చాలు. చెప్పినట్లు వాడినంత కాలం అది నమ్మదగిన మందే. కానీ పొద్దున వేసుకున్న సంగతి మరచి మళ్ళీ మళ్ళీ వేసుకున్న పెద్దాయన విషయంలోనో, టీవీ బల్ల మీది డబ్బా తెరిచి బిళ్ళలను పిప్పరమెంట్లనుకున్న మూడేళ్ళ మనవడి విషయంలోనో, ఏదో దుఃఖంలో మోతాదు మించి మింగిన మనిషి విషయంలోనో అదే మందు గుండెను కుప్పకూల్చగలదు.

ఎలా కూలుస్తుందో, దానికి విరుగుడుగా భారీ మోతాదులో ఇన్సులిన్ ఎందుకు ఇస్తారో తెలియాలంటే 1880ల నాటి లండన్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా చేసి పరిశీలించేవాడు. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో చక్కగా కొట్టుకున్న గుండె, స్వేదనజలంతో చేసిన దానిలో కాసేపటికే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీటిలో కరిగి ఉన్న కాల్షియమే ఈ తేడాకు కారణమని ఆయన 1883లో ప్రకటించాడు. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరలో ఉండేది కూడా ఎక్కువగా ఈ కాల్షియమే.

గుండె ముడుచుకున్న ప్రతిసారీ కాల్షియం సన్నని ద్వారాల గుండా కండర కణాల్లోకి చొరబడుతుంది. ఆమ్లోడిపిన్, వెరపమిల్, డిల్టియాజెమ్ వంటి మందులు మూసేది ఆ ద్వారాలనే. మామూలు మోతాదులో ఆమ్లోడిపిన్ ముఖ్యంగా రక్తనాళాల గోడలను సడలిస్తుంది. మోతాదు మితిమీరితే ఆ విచక్షణ పోయి గుండె కండరం మీద కూడా పడుతుంది. నాళాలు వదులై, గుండె బిగువు తగ్గి, రక్తపోటు పడిపోతుంది. విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా రోగి చాలాసార్లు తెలివిగానే మాట్లాడుతుంటాడు, అది చూసి ఇంటివాళ్ళు నిశ్చింతగా ఉండిపోతారు.

ఇవే ద్వారాలు క్లోమంలోనూ ఉన్నాయి. అవి తెరుచుకుంటేనే ఇన్సులిన్ విడుదలవుతుంది. మూతపడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, కనుక ఇటువంటి రోగిలో చక్కెర ఎంత పెరిగిందన్నది విషం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే ఆనవాలు కూడా అవుతుంది. మామూలుగా కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా వాడుకునే గుండె ఆపదలో గ్లూకోజ్ వైపు మళ్ళుతుంది. ఇన్సులిన్ లేనిదే ఆ గ్లూకోజ్ చాలినంతగా కణంలోకి రాదు. ఎదుట విస్తరి నిండా అన్నం ఉండి, చేతులు కట్టేసిన మనిషి స్థితి అది.

క్యాజువాలిటీలో మొదట సెలైన్, కాల్షియం ఇంజెక్షన్, నాళాలను బిగించే నోరడ్రినలిన్ ఇస్తారు. అవి అవసరమే, కానీ తీవ్రమైన విషంలో చాలవు. కడుపు మాడిన ఎద్దును ముల్లుకర్రతో పొడిస్తే ఎంత దూరం నడుస్తుంది? 1990లలో అమెరికాలో జెఫ్రీ క్లైన్ బృందం వెరపమిల్ విషమెక్కిన కుక్కలకు భారీగా ఇన్సులిన్ ఇచ్చి, అది మిగతా మందుల కంటే మెరుగ్గా కాపాడిందని చూపింది. 1999లో ఈ వైద్యం పొందిన ఐదుగురు రోగుల వివరాలు వెలువడ్డాయి, ఐదుగురూ బతికారు. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీనిని గట్టిగా సిఫారసు చేసింది.

భయపెట్టేదల్లా మోతాదే. కిలోకు ఒక యూనిట్ ఒకేసారి ఇచ్చి, తర్వాత గంటకు కిలోకు ఒక యూనిట్‌తో మొదలుపెట్టి, అవసరమైతే పది దాకా పెంచుతారు. అరవై కిలోల మనిషికి కిలోకు ఐదు యూనిట్ల లెక్కన గంటకు 300 యూనిట్లు. మన దేశంలో దొరికే 400 యూనిట్ల సీసా ఎనభై నిమిషాల్లో ఖాళీ. పది యూనిట్లు ఎక్కించేందుకే రెండుసార్లు సరిచూసుకునే నర్సు చేయి ఇక్కడ తటపటాయించడం సహజం. ఫలితం కనబడటానికి పావుగంట నుంచి గంట దాకా పడుతుంది కాబట్టి, అన్నీ విఫలమయ్యాక చూద్దామనుకోవడం కన్నా ముందే మొదలుపెట్టడం మేలు. వెంట గ్లూకోజ్ ఎక్కిస్తూ, చక్కెరను, పొటాషియంను తరచుగా చూడాలి. ఇది ఐసీయూలో మాత్రమే చేయదగిన పని; ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ పొడిస్తే అదే ప్రాణం తీస్తుంది.

ఇంటివాళ్ళు చేయవలసింది వేరే ఉంది. బిడ్డ ఒక్క బిళ్ళ మింగినా, హుషారుగానే ఉన్నా, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఉప్పు నీళ్ళు, సబ్బు నీళ్ళు తాగించి కక్కించకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ఆపద. మింగిన మందు అట్టను తప్పక వెంట తీసుకెళ్ళాలి, ఎందుకంటే పాతతరం డిప్రెషన్ మందులకు సోడియం బైకార్బనేట్, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లకు గ్లూకగాన్ అంటూ ఒక్కో విషానికి దారి మారుతుంది. స్పృహ తప్పి శ్వాస ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ మధ్య గట్టిగా నొక్కాలి. గుండెపోటులో కండరం కొంత చచ్చిపోతుంది. ఇక్కడ అది చావలేదు, విషం కింద అణగి ఉంది. అందుకే వైద్యులు ఇటువంటి రోగికి మామూలు కంటే ఎక్కువసేపు ఛాతీ నొక్కుతారు, వీలున్న చోట ఎక్మోకు కలుపుతారు. 2020లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి అస్వస్థతతో మన ఇళ్ళలోకి వచ్చిన మాట అది. విషం దిగేదాకా రక్తాన్ని తిప్పే పని ఆ యంత్రం చూసుకుంటుంది.

ఆ విషం తొందరగా దిగదు. ఒంట్లోని ఆమ్లోడిపిన్ సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, మితిమీరిన మోతాదులో ఇంకా ఎక్కువ. దుఃఖంలో మింగిన మనిషైతే ఈలోగా మానసిక వైద్యుడూ మంచం దగ్గరికి రావాలి. తర్వాత మాట్లాడుకోవడానికి మానసిక సహాయం అందించే ఫోన్ సేవ టెలి మానస్ (14416) ఉంది. రక్తపోటు నిలదొక్కుకున్నాక ఇన్సులిన్‌ను తగ్గిస్తూ ఆపినా, ఒంట్లో చేరింది ఒక రోజుకు పైగా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి గ్లూకోజ్ డ్రిప్ తీయరు, వేలి కొస నుంచి రక్తం తీసి చూడటం మానరు.