రెండు తీగల చివర విమానం

పొలంలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవారికి కంట్రోల్ లైన్ విమానం, అంటే మధ్యలో నిలబడి తీగలతో తన చుట్టూ ఎగరేసే చిన్న నమూనా విమానం, సగం తెలిసినట్టే. రాయి వేగంగా తిరిగినంతసేపూ తాడు బిగువుగా ఉంటుంది, వేగం తగ్గితే జారిపోతుంది. ఇక్కడ రాయికి రెక్కలూ ఇంజినూ ఉంటాయి, తాడుకు బదులు రెండు సన్నని ఉక్కు తీగలుంటాయి.

ఒకటి చాలదా? చాలదు. విమానం కడుపులో ఇరుసు మీద తిరిగే చిన్న పలక ఉంటుంది. దాని పేరు బెల్‌క్రాంక్. తీగలు దాని రెండు కొసలకు కట్టి ఉంటాయి. చేతిలోని పిడిని పైకి వంచితే ఒక తీగ పలకను తిప్పుతుంది, పలక ఒక కడ్డీతో తోకలో పైకీ కిందికీ కదిలే ఎలివేటర్ అనే రెక్కముక్కను లేపుతుంది, విమానం పైకెగుస్తుంది. పిడిని కిందికి వంచితే దిగుతుంది. రేడియో అక్కర్లేదు. కుడి ఎడమల సంగతి తీగలే చూసుకుంటాయి.

అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన జిమ్ వాకర్ దీనికి 1942లో పేటెంటు పొందాడు. 1955లో కోర్టులో అది నిలవలేదు. అదే రాష్ట్రపు ఓబా సెయింట్ క్లెయిర్ అంతకుముందే ఇలాంటి ఏర్పాటుతో విమానం ఎగరేశాడని తేలింది.

కిలో బరువున్న విమానం 20 మీటర్ల తీగల చివర సెకనుకు 25 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుందాం. చుట్టుకు 5 సెకన్లు పడుతుంది. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించి ద్రవ్యరాశితో గుణిస్తే 31 న్యూటన్లు వస్తుంది. అంటే మూడు కిలోల బరువు చేతిని లాగుతున్నట్టే. విమానం నెత్తిమీదికి వచ్చినప్పుడు భూమ్యాకర్షణ అందులోంచి ఒక కిలో తగ్గించేస్తుంది. పైకెక్కడంలో వేగమూ కొంత పోతుంది. తీగలు సడలితే పిడి తిప్పీ లాభం లేదు.

అందుకే ఈ విమానాన్ని కావాలనే కాస్త వంకరగా కడతారు. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. బయటి రెక్క కొసలో, తీగల బరువుకు సరిపోయేలా, కొద్దిగా సీసం పెడతారు. ఇంజిన్ ముక్కును ఒకింత బయటికి తిప్పుతారు. లోపలి రెక్కను తరచూ కొంచెం పొడవుగా చేస్తారు. బల్ల మీద చూసినవారికి చెయ్యి తిరగని వడ్రంగి పనిలా అనిపిస్తుంది. వృత్తంలో తిరిగేటప్పుడు ఆ వంకరలన్నీ తీగలను బిగువుగా ఉంచడానికే పనికొస్తాయి.

మన దేశంలో ఎన్‌సీసీ వైమానిక విభాగం క్యాడెట్లు వీటిని ఎగరేస్తుంటారు. కరెంటు లైన్ల దరిదాపుల్లో మాత్రం ఎగరేయకూడదు, చేతిలో ఉన్నవి ఉక్కు తీగలు.

చాలా విమానాల్లో ఇంజిన్‌ను మధ్యలో ఆపే వీలుండదు. ఎప్పుడు దిగాలో ట్యాంకులోని ఇంధనమే నిర్ణయిస్తుంది. ఇంజిన్ ఆగి, వేగం పడిపోయి, తీగలు వేలాడబోతున్నప్పుడు ఎగరేసేవాడు గబగబా నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. తీగలు మళ్లీ బిగుస్తాయి, చక్రాలు గడ్డిని తాకేదాకా అవి అలా ఉంటే చాలు.