ఉత్తరం గుండెది, ముద్ర దవడది

మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారికి కిందటి వేసవిలో పన్ను నొప్పి వచ్చింది. ఎడమ వైపు, కింది దవడలో. నాలుగు రోజులు లవంగ నూనె రాశారు, ఉప్పునీళ్లు పుక్కిలించారు. లాభం లేక డెంటిస్టు దగ్గరికి వెళ్లారు. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లెక్కేసరికి నొప్పి బాగా పెరిగింది. తన వంతు వచ్చేదాకా కుర్చీలో కూర్చున్నారు, ఈలోగా నొప్పి మాయం.

డెంటిస్టు కుర్రాడు అద్దం పిడితో ఒక్కో పన్నూ తట్టి చూశాడు, చల్లటి నీళ్లు చిమ్మాడు. ఒక్క పన్నూ పలకలేదు.

"మాస్టారూ, ఈ నొప్పి నమిలేటప్పుడు వస్తోందా, నడిచేటప్పుడు వస్తోందా?"

మాస్టారు కాసేపు ఆలోచించి, "నడిచేటప్పుడే" అన్నారు.

"మనం పళ్లతో నడవం కదండీ" అని, ఆ పూటే ఈసీజీ తీయించుకోమని పంపాడు. మర్నాటికి గుండె రక్తనాళంలో స్టెంటు పడింది. ఇంటికొచ్చాక మాస్టారు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "గుండె ఇక్కడుంటే దవడ ఎందుకు నొప్పెట్టిందయ్యా?"

గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమని బడిలో ప్రతి ఏడూ అడుగుతారు. ఆ బొమ్మను అందంగా గీసిన పిల్లలే పెద్దయ్యాక చెయ్యి లాగితే కండరం పట్టిందనుకుని జండూబామ్ రాసుకుంటారు. వాళ్ల తప్పు కాదు. ఆ బొమ్మలో నరాలు ఉండవు మరి.

అసలు గుండెను తాకితే దానికి తెలియదు. 17వ శతాబ్దంలో, రక్తప్రసరణను వివరించిన విలియం హార్వే దగ్గరికి ఒక యువకుణ్ణి తీసుకొచ్చారు. చిన్నప్పుడు తగిలిన దెబ్బకు అతని ఛాతీలో కన్నం పడి, అది పూడకుండా ఉండిపోయింది. అందులోంచి హార్వే కొట్టుకుంటున్న గుండెను వేళ్లతో తాకాడు. చూస్తేనో, చర్మం తగిలితేనో తప్ప ఆ కుర్రాడికి తాకినట్టే తెలియలేదు! గుండెకు నొప్పి పుట్టించేది ముఖ్యంగా ఆకలి. రక్తం అందక ఆక్సిజన్ తగ్గినప్పుడు కండరంలో ఆమ్లం పేరుకుంటుంది, అడినోసిన్, బ్రాడికైనిన్ లాంటి పదార్థాలు ఊరతాయి. నరాల కొసలను రేపేవి అవే. ఆ కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ద్వారం కూడా ఉంది. మిరపకాయ కొరికితే నాలుక మీద తెరుచుకునేది ఇదే. దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. ఇది చదివి, మిరపపొడి నీళ్లు తాగితే గుండెపోటు నిమిషంలో ఆగిపోతుందనే వాట్సాప్ సందేశానికి సైన్సు దొరికిందని సంబరపడకండి. కడుపులో పోసిన కారం మూసుకున్న రక్తనాళాన్ని తెరవదు. గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారన్న సందేశం కూడా ఆ బాపతే.

ఇక మాస్టారి ప్రశ్న. ఒక చిన్న శివారు పల్లెను ఊహించుకోండి. దానికి సొంత పోస్టాఫీసు లేదు. అక్కడివాళ్లు ఉత్తరం రాస్తే పక్కనున్న పెద్ద ఊళ్లో డబ్బాలో వేయాలి, ఆ ఊరి ముద్రే పడుతుంది. గుండె ఆ పల్లె. దాని నొప్పి నరాలు వెన్నుపాములోకి ఛాతీ పైభాగపు నాలుగైదు మెట్ల దగ్గర చేరతాయి. సరిగ్గా ఆ మెట్ల దగ్గరికే ఛాతీ చర్మం నుంచి, చేతి లోపలి అంచు నుంచి వచ్చే నరాలు కూడా చేరతాయి. అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాడీకణాలు మాత్రం విడివిడిగా లేవు. గుండె ఉత్తరం, చెయ్యి ఉత్తరం ఒకే సంచిలో పడతాయి.

సంచి విప్పే మెదడుకు కనబడేది ముద్ర మాత్రమే. చెయ్యి పుట్టినప్పటి నుంచీ రోజూ ఉత్తరాలు రాస్తూనే ఉంది: గీరుకుంది, కాలింది, దోమ కుట్టింది. గుండె అరవై ఏళ్లలో ఒక్కటీ రాయలేదు. మొదటిసారి రాస్తే మెదడు ఏమనుకుంటుంది? చెయ్యే రాసిందనుకుంటుంది. అది పొరపాటు కూడా కాదు, అనుభవం మీద వేసిన లెక్క. కొన్ని ఉత్తరాలు వేగస్ నరం అనే వేరే దారిలో మెదడు కాండానికి, అక్కడి నుంచి మెడ పైభాగపు మెట్లకు చేరి, దవడ, మెడ నరాల సంచిలో కలుస్తాయి. మాస్టారి పన్ను నొప్పి ఆ సంచిలోది.

పెద్ద ఊరు ఇంత దూరాన ఎందుకుందంటే, పిండంలో గుండె మొదలయ్యేది ఛాతీలో కాదు. మూడో వారంలో అది తల వైపు కొసన ఉంటుంది. పిండం ముడుచుకుంటూ పెరిగేకొద్దీ మెడ మీదుగా కిందికి దిగుతుంది. ఇల్లు మారినా పాత చిరునామా పోలేదు.

ఇదంతా ఊహేనా అంటే, నరం కోసి చూసినవాళ్లు ఉన్నారు. 1916లో బుకారెస్ట్‌లో యోనెస్కు అనే సర్జన్ తీవ్రమైన గుండె నొప్పి ఉన్న రోగికి మెడ దగ్గరి సింపథెటిక్ నరాల (గుండె నొప్పిని వెన్నుపాముకు మోసే నరాల) ముడులు తీసేస్తే నొప్పి పోయింది. రక్తనాళం జబ్బు మాత్రం అలాగే ఉండే వైద్యమది! గుండె మార్పిడిలో నరాలన్నీ తెగిపోతాయి కాబట్టి, కొత్త గుండె రక్తనాళాలు మూసుకుపోతున్నా చాలామందికి నొప్పి తెలియదు. పల్లె నుంచి ఊరికి రోడ్డే లేనట్టు.

షుగర్ ఉన్నవాళ్లలో ఈ రోడ్డు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పాడవుతుంది. అందుకే వాళ్లకు ఒక్కోసారి నొప్పే ఉండదు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట, అంతుపట్టని నీరసం, అంతే. అమెరికాలో 4,34,000 మందికి పైగా గుండెపోటు రోగుల రికార్డులు పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మూడో వంతు మంది ఛాతీ నొప్పి లేకుండానే ఆసుపత్రికి వచ్చారు. వీళ్లలో ముసలివాళ్లు, ఆడవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ. వచ్చింది కూడా ఆలస్యంగానే. ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు వీళ్లలో 23 శాతం, నొప్పితో వచ్చినవాళ్లలో 9 శాతం.

మన ఇళ్లలో అసలు దోషి 'గ్యాస్' అన్న మాట. గుండె కింది గోడ ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) మీద ఆనుకుని ఉంటుంది, అక్కడ వేగస్ కొసలు ఎక్కువ. ఆ గోడకు రక్తం ఆగితే వాంతి, వికారం, పొట్ట పైభాగంలో బరువు, చెమట, నాడి నెమ్మదించడం కనిపిస్తాయి. కడుపుకూ ఈ వేగస్సే కాబట్టి ముద్ర కడుపుదే పడుతుంది. పెళ్లి భోజనం చేశాక వచ్చింది కనుక గ్యాసే అనే వాదన కూడా నిలవదు. కడుపు నిండాక గుండెకు పని పెరుగుతుంది. 1768లో ఈ గుండె నొప్పిని లండన్ వైద్యుల ముందు వర్ణించిన విలియం హెబర్డెన్, నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే, తిన్న వెంటనే నడిస్తే మరీ వస్తుందనీ, ఆగి నిలబడితే పోతుందనీ అప్పుడే చెప్పాడు. సోడా తాగితే త్రేన్పు వచ్చి తగ్గినట్టు అనిపించడం గుండె బాగుందనడానికి రుజువు కాదు. ఎర్ర నీళ్లతో దిష్టి తీయడానికి పట్టే సమయం కూడా గుండె కండరం ఖాతాలోంచే పోతుంది.

మన భాష కూడా ఇక్కడ కొంచెం దారి తప్పించింది. 'పోటు' అనగానే కత్తిపోటు గుర్తొస్తుంది. జనం కత్తితో పొడిచినట్టు ఉంటుందని ఎదురుచూస్తారు. ఒక్క వేలితో చూపించగలిగే, ఊపిరి పీల్చినప్పుడల్లా గుచ్చే నొప్పి గుండెది అయ్యే అవకాశం తక్కువ. ఉండదని మాత్రం అనలేం. గుండె రోగులను అడిగితే చాలామంది "నొప్పి కాదు డాక్టరుగారూ, బండ పెట్టినట్టుంది" అంటారు. బిగించినట్టు, పిండినట్టు, మంటలాగా. చూపించమంటే వేలు పెట్టరు, పిడికిలి బిగించి రొమ్ము మీద ఆనిస్తారు. ఎడమ చెయ్యే లాగాలనీ లేదు. కుడి చేతికో రెండు చేతులకో పాకితే డాక్టర్లు ఇంకా ఎక్కువ అనుమానిస్తారు.

అందుకే డెంటిస్టు ఎక్కడ నొప్పి అని కాక, ఎప్పుడు నొప్పి అని అడిగాడు. శ్రమకు వచ్చి విశ్రాంతికి పోయేది రక్తనాళం ఇరుకైన గుర్తు, కొత్తగా మొదలైతే ఆ రోజే చూపించుకోవాలి. కూర్చున్నా ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, లేదా చెమట, ఆయాసం తోడైతే 108కి ఫోన్ చేయడమే. బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగమని చెబుతారు, ఫోన్లో అడిగి వేసుకోవడం మంచిది. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇంటికి బయల్దేరకండి. గుండె కండరం దెబ్బతింటే బయటికొచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలో పెరగడానికి గంటలు పట్టొచ్చు, అందుకే రెండోసారి పరీక్షిస్తారు.

మొన్న సంక్రాంతికి అరిసె కొరికి మాస్టారు నిజంగానే ఒక పన్ను విరగ్గొట్టుకున్నారు. డెంటిస్టు దగ్గరికి వెళ్తే, నోరు తెరవమనే ముందు ఆ కుర్రాడు అడిగాడట: "మెట్లు ఎలా ఎక్కారు మాస్టారూ?"

"ఆగకుండా ఎక్కాను. నువ్వు పన్ను చూడవయ్యా!"