ముత్తాత ఇనుప టోపీకి చింతపండు పెట్టకండి

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ ఉత్తరం చేరింది. అటక మీది ట్రంకుపెట్టెలో మీ ముత్తాతగారి మిలిటరీ టోపీలు రెండు దొరికాయన్నారు. ఒకటి పళ్ళెంలా వెడల్పు అంచుతో ఉందట, ఇంకొకటి గిన్నెలా లోతుగా ఉందట, రెండూ తుప్పు పట్టాయట. "దసరాకి ఆయుధపూజలో పెడదాం తాతయ్యా, చింతపండుతో తోమితే తళతళలాడతాయా?" అని అడిగారు.

ఆడతాయి. అందుకే వద్దంటున్నాను.

ముందు మీ వంటింట్లోకి వెళ్ళి ఒక పాత స్టీలు బిందె తీసుకురండి. అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది. పక్కన చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, తేదీ ఉంటాయి. మా చిన్నతనంలో కొట్లో పాత్ర కొంటే పేరు కొట్టించుకోకుండా ఇంటికి తెచ్చేవారు కాదు, పెళ్ళి చదివింపులైతే ఇచ్చినవాళ్ళ పేరు కూడా ఉండాల్సిందే. ఇక మూడోది, బిందె మీద ఎక్కడా కనపడదు: "ఇది మీ మేనత్త పెళ్ళికి ఫలానావాళ్ళు ఇచ్చార్రా" అని అమ్మమ్మ చెప్పేమాట. ముద్ర, పేరు, మాట. టోపీ పుట్టుపూర్వోత్తరాలు కూడా ఈ మూడింట్లోనే ఉంటాయి. మూడింటినీ ఒకదాంట్లో ఒకటి కలపకూడదు.

ముద్ర సంగతి చూద్దాం. పళ్ళెంలాంటి టోపీ బహుశా బ్రిటిష్ మార్క్ 2 అయి ఉంటుంది. 1938 నుంచి బ్రిటన్‌లోనూ దాని ఏలుబడిలోని దేశాల్లోనూ వాడినది. అంచు లోపల, గడ్డం పట్టీ రివెట్ల దగ్గర చిన్న ఇంగ్లీషు అక్షరాలు, ఒక సంవత్సరం కొట్టి ఉంటాయి. హెచ్‌బీహెచ్ అని ఉంటే షెఫీల్డ్‌లోని హారిసన్ బ్రదర్స్ అండ్ హోసన్. బీఎంబీ అని ఉంటే డాగెన్‌హామ్‌లో మోటారుకార్ల బాడీలు చేసిన బ్రిగ్స్ వాళ్ళు. అంచుకి వెనకవైపు మూడు రంధ్రాలుంటే దక్షిణాఫ్రికాలో తయారైంది. ఆ సంవత్సరం ఇనుప డిప్పను అచ్చుకొట్టిన సంవత్సరం. మీ ముత్తాత ఆ ఏడు యుద్ధంలో ఉన్నారని దానికి అర్థం లేదు.

గిన్నెలాంటిది అమెరికన్ ఎమ్1 కావచ్చు. 1941లో వచ్చింది. ఇందులో రెండు టోపీలుంటాయి: పైన ఉక్కు డిప్ప, లోపల విడిగా ఊడివచ్చే తేలికపాటి లైనర్. డెట్రాయిట్‌లో రేడియేటర్లు చేసే మెకార్డ్ కంపెనీ, సెయింట్ లూయిస్‌లో ష్లూటర్ కంపెనీ యుద్ధకాలంలో వీటిని చేశాయి. ముందువైపు అంచు లోపల మూడు నాలుగు అంకెలు, వాటి పక్కన ఒక అక్షరం కనిపిస్తాయి. ఇళ్ళల్లో అందరూ పొరబడేది ఇక్కడే. "అదుగో తాతగారి మిలిటరీ నంబరు" అంటారు. అది ఏ కొలిమి ఉక్కుతో డిప్పను చేశారో చెప్పే నంబరు. అదే నంబరు ఎన్నో డిప్పల మీద ఉంటుంది. సైనికుడి గుర్తు ఉంటే లైనర్ తోలుపట్టీ మీదో గడ్డం పట్టీ మీదో సిరాతో ఉంటుంది. అమెరికన్ సైనికులు ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు వేసుకునేవారు. చెమటకు పాలిపోయిన ఆ సిరా ఒక్క ఉతుకుకి పోతుంది. కాబట్టి పట్టీలు తడపకండి, కొబ్బరినూనె రాయకండి.

ఇక మాట. "బర్మాలో ఒక అమెరికన్ సోల్జరు ముత్తాతకి ఇచ్చాడట" అని రాశారు. ఆ "అట" ఉంది చూశారూ, అది బంగారం. మన భాష ఇచ్చిన వరం. ఇంట్లో ఒక తరం మారేసరికి "ఇచ్చాడట" కాస్తా "ఇచ్చాడు" అయిపోతుంది. రెండో తరానికి ఆ సోల్జరు జనరల్ అవుతాడు. మీ నోటుబుక్కులో "అట"ని ఊడగొట్టకండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, వాళ్ళకి ఎవరు చెప్పారు అన్నది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. వీలైతే ఫోనులో గొంతు రికార్డు చేసి, కాగితం మీద వాళ్ళచేత సంతకం పెట్టించండి. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే చేయాల్సిన పని ఇది, తుప్పు ఇంకో ఏడాది ఆగుతుంది.

తరవాత ఆ మాటని ఇనుముతో సరిచూడండి. ఎమ్1 గడ్డం పట్టీ దూరే తీగ కొక్కేలను వేలితో మెల్లిగా కదిపి చూడండి. మొదట్లో అవి డిప్పకి కదలకుండా అతికి ఉండేవి. కిందపడితే విరిగిపోతున్నాయని 1943 చివరికి మడతబందులా కదిలేవి పెట్టారు. అంచు చుట్టూ ఉన్న రేకు అతుకు కూడా మొదట్లో ముందువైపు ఉండేది, 1944 చివర్లో వెనక్కి మార్చారు. ఇప్పుడు కథలో "1942లో బర్మా నుంచి వెనక్కి నడిచొచ్చేటప్పుడు ఇచ్చాడట" అని ఉండి కొక్కేలు కదులుతుంటే కథకీ ఇనుముకీ పొత్తు కుదరలేదు. అంతమాత్రాన ముత్తాతని అబద్ధాలకోరు చేయకండి. అస్సాం, బర్మాల్లో లెడో రోడ్డు వేసిన అమెరికన్లు వేలమంది. టోపీ 1945లో చేతికొచ్చి ఉండొచ్చు, ఏడాది ఒక్కటే జారి ఉండొచ్చు. రెండూ రాసి, "పొసగడం లేదు" అని కింద రాయండి.

ఇక్కడ నా బిందె పోలిక చతికిలబడుతుంది. బిందె మీద పేరున్నవాళ్ళదే బిందె. సైన్యంలో టోపీ సర్కారుది, ఒకరు వదిలింది ఇంకొకరికి ఇచ్చేవారు. మార్క్ 2 లోపలి లైనర్ నడినెత్తిన ఒకే ఒక్క మరతో నిలుస్తుంది, పాడైతే విప్పి వేరేది బిగించేవారు. అందుకే డిప్ప మీద 1940, లైనర్ మీద 1942 కనిపిస్తే మోసమనుకోకండి. ఆ మరని మాత్రం విప్పకండి, తుప్పుపట్టిన మర తిరగదు, తల తెగుతుంది. పోనీ, బిందెని పూర్తిగా వదిలేయలేను కూడా, ఎమ్1 డిప్పలో నీళ్ళు పోసుకుని గడ్డం గీసుకున్న సైనికులు కోకొల్లలు.

చింతపండు దగ్గరికి వస్తాను. ఇత్తడి చెంబుకి చింతపండు పులుపు చిలుము వదిలిస్తుంది, చెంబు మెరవాలి కనక మంచిదే. టోపీ మెరవకూడదు. ఎండలో తళుక్కుమంటే శత్రువు చూస్తాడని రంగుని గరుకుగా వేశారు, ఎమ్1 రంగులో బెండుపొడి కలిపేవారు. పులుపు, సబీనా, ఇసుక కాగితం ఏది తగిలినా ముందు పోయేది ఆ రంగే, దానితోపాటు మీద గీసిన గుర్తులూ పోతాయి. కింద బయటపడ్డ పచ్చి ఉక్కు మన గోదావరి గాలికి వారంలో మళ్ళీ ఎర్రబడుతుంది.

అన్నట్టు, తలకి పెట్టుకోకండి. బ్రిటన్‌లో మొదటి ప్రపంచయుద్ధం నాటి టోపీలు పరీక్షిస్తే చాలావాటి లోపలి పొరల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే రాతినార) బయటపడింది, బడిపిల్లలకు ఇవ్వొద్దన్నారు. మీ దాంట్లో ఉందో లేదో కంటితో తేలదు. పాత రంగులో సీసం కూడా ఉండొచ్చు.

కాబట్టి అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని వరండాలో పాత దుప్పటి పరవండి. నైట్రైల్ గ్లోవ్సు, ముక్కుకి మాస్కు వేసుకోండి. చేతి చెమటలోని ఉప్పు ఉక్కుకి పడదు. ఏదీ తుడవకముందే ఫొటోలు తీయండి: నాలుగు పక్కలు, పైన, లోపల, ముద్రలు విడివిడిగా, పక్కన స్కేలు పెట్టి. తరవాత బొమ్మలేసే మెత్తని కుంచెతో బయటి పొడి దుమ్ము మాత్రం దులపండి. లోపలివైపు దులపొద్దు. ముదురు గోధుమరంగు తుప్పు గట్టిగా ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి. నారింజరంగు పొడి మళ్ళీ మళ్ళీ రాలుతుంటే మ్యూజియం కన్జర్వేటరుని, అంటే పాత వస్తువులు పాడవకుండా చూసే నిపుణుణ్ణి అడగాలి.

స్టిక్కరు అంటించకండి, పెన్నుతో రాయకండి. తెల్లని నూలు నాడా మీద పెన్సిలుతో నంబరు రాసి వదులుగా కట్టండి. మొదటి టోపీకైతే డిప్ప 1.1, లైనర్ 1.2, పట్టీ 1.3. అదే నంబరు నోటుబుక్కులో, ఫొటోల మీద ఉండాలి. లోపల గంజి పెట్టని పాత తెల్ల పంచె ఉండచుట్టి పెట్టండి. గంజి ఉంటే పురుగు చేరుతుంది. న్యూస్‌పేపరులో ఆమ్లం ఉంటుంది, ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలుస్తుంది, ఈ రెండూ వద్దు. మూత బిగుతుగా పట్టే పెట్టెలో చెమ్మ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి, తేమ కొలిచే మీటరు పెట్టండి. నలభై అయిదు, యాభై శాతం మధ్య ఉంటే ఉక్కుకీ తోలుకీ రాజీ. మేకుకి తగిలించకండి, బరువంతా ఆ పాత పట్టీ మీద పడుతుంది.

ట్రంకు అడుగున ఇంకేమున్నాయో చూశారా? డిశ్చార్జి కాగితం, పింఛను కాగితాలు, యూనిఫాం ఫొటో, పతకాలు? రెండో ప్రపంచయుద్ధపు పతకాలు బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండా ఇచ్చారు గానీ భారత సైనికులకి ఇచ్చినవాటి మీద నంబరు, పేరు కొట్టారు. ఆరు కొసల బర్మా స్టార్ ఉంటే వెనక్కి తిప్పండి. యూనిట్ పేరు దొరికితే జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో ఎవరికి రాయాలో చెబుతారు. మద్రాస్ రెజిమెంటు అయితే వాళ్ళ కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో అయితే పక్కింట్లో అడిగినా దారి దొరుకుతుంది.

ఆయుధపూజలో పెట్టండి, దానికేం. కుంకుమ బొట్టు మాత్రం ముందున్న తమలపాకుకి పెట్టండి. తడి కుంకుమ మరక ఆ గరుకు రంగులో దిగితే రాదు.

ఈ రాత్రి దీపాలన్నీ ఆర్పి, టార్చిలైటుని అంచుకి దాదాపు ఆనించి, పక్కనుంచి వెయ్యండి. పగలు నున్నగా కనిపించిన చోట అక్షరాలు నీడలతో లేస్తాయి. కనిపించింది కనిపించినట్టు బొమ్మ గీసి పంపండి, సగమే కనిపిస్తే సగమే గీయండి.

ఇట్లు,
మీ తాతయ్య