స్టేక్‌హౌస్ వైన్ లిస్ట్: నాలుక లెక్క, జేబు లెక్క

ఫ్లోరిడాలోని టాంపాలో బెర్న్స్ స్టేక్ హౌస్ అని ఒక పాత రెస్టారెంట్ ఉంది. స్టేక్ అంటే మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క. 1956 నుంచి నడుస్తోంది. వాళ్ల దగ్గర ఐదు లక్షలకు పైగా వైన్ సీసాలు ఉన్నాయంటారు. అక్కడి వైన్ లిస్ట్ ఎంత లావంటే, ఒకప్పుడు దాన్ని గొలుసుతో టేబుల్‌కు కట్టి ఉంచేవారు. అన్ని స్టేక్‌హౌస్‌లూ అంత దూరం పోవు గానీ, కాస్త పేరున్న ఏ చోటికి వెళ్లినా పేజీలకు పేజీల లిస్ట్ తప్పదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు వాళ్లతో డిన్నర్‌కు వెళ్లిన మనవాళ్లకు ఈ సీను బాగా తెలుసు. లిస్ట్ ఎవరి చేతికొస్తే వాళ్లకు టెన్షన్. పేర్లకు నోరు తిరగదు, ధరలు నాలుగంకెల దాకా పోతాయి, పక్కన సూటు వేసుకున్న మనిషి చిరునవ్వుతో నిలబడి ఉంటాడు.

ఆ టెన్షన్ చాలావరకు అనవసరం. రెడ్ వైన్ గరుకును తీసే పని స్టేక్‌హౌస్‌లో మాంసమే సగం చేసి పెడుతుంది. ఖరీదైన పాత సీసాకు అదనంగా పోసే డబ్బులో చాలా భాగం నునుపు కోసమే. ఆ నునుపు మన ప్లేట్లో ముందే ఉంది.

ఎలాగో చూద్దాం. రెడ్ వైన్‌కు రంగుతో పాటు వగరు కూడా ద్రాక్ష తొక్కల నుంచే వస్తుంది, గింజలదీ కొంత వాటా. ఈ వగరుకు మూలం టానిన్లు. మన లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. నోటిలోపల జారుడు ఉండేలా చూసేవాటిలో ఇవీ ఉన్నాయి. టానిన్లు వీటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. దాంతో జారుడు పోతుంది. నాలుక అంగిటికి గరుగ్గా తగులుతుంది, చిగుళ్లు బిగిసినట్టుంటాయి. సరిగ్గా పండని నేరేడు పండు కొరికితే నోరు పట్టేసినట్టు ఉంటుందే, అదే ఇది. పైగా ఒక గుక్కతో ఆగదు. ఏమీ తినకుండా తాగుతూ పోతే గుక్క గుక్కకూ వగరు పేరుకుంటుంది.

ఇప్పుడు మధ్యలో ఒక ముక్క మాంసం పడిందనుకోండి. కొవ్వు నోటికి పూతలా పట్టుకుంటుంది, నమిలేకొద్దీ లాలాజలం కొత్తగా ఊరుతుంది. పాల్ బ్రెస్లిన్ అనే శాస్త్రవేత్త బృందం 2012లో దీన్ని పరీక్షించి చూసింది. ఒక ముక్క ఎండు మాంసం, ఒక గుక్క వగరు ద్రవం, మళ్లీ మాంసం, మళ్లీ వగరు. కొవ్వు జిడ్డును వగరు తగ్గిస్తూ వచ్చింది, వగరును కొవ్వు తగ్గిస్తూ వచ్చింది. ఉత్త నీళ్లకు ఆ జిడ్డు అంతగా వదల్లేదు. దీనికి తోడు స్టేక్ మీద చల్లే ఉప్పు. ఉప్పు చేదును అణిచేస్తుంది కాబట్టి వైన్‌లోని చేదు కూడా వెనక్కి తగ్గుతుంది.

పొగ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. వైన్ నిల్వ చేసే ఓక్ పీపాలను తయారీలోనే లోపలి నుంచి మంట పెట్టి కాలుస్తారు. చెక్కలోని లిగ్నిన్ వేడికి విరిగి వనిలిన్, గ్వయకాల్ లాంటి వాసన పదార్థాలుగా మారుతుంది. కట్టెల నిప్పు మీద మాంసం కాలుస్తున్నప్పుడు లేచే పొగలోనూ గ్వయకాల్ ఉంటుంది. ఓక్‌లో పెరిగిన వైన్, కట్టెల మీద కాల్చిన స్టేక్ ఒకదానికొకటి నప్పాయంటే అందులో వింతేమీ లేదు, రెండూ ఒకే రకం మంట చుట్టాలు.

ఏళ్లు గడిచేకొద్దీ సీసాలోని టానిన్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొంత మడ్డిగా అడుగుకు దిగుతుంది, వగరు మెత్తబడుతుంది. ఎండుటాకు, తోలు, పుట్టగొడుగు లాంటి సున్నితమైన వాసనలు బయటికి వస్తాయి. ఈ వాసనల కోసమే జనం వేలు పోస్తారు. బాగానే ఉంది. కానీ నల్లగా మాడ్చిన, కొవ్వు బాగా ఉన్న రిబ్ ఐ స్టేక్, పైన మిరియాల సాస్, పక్కన వెల్లుల్లి వెన్న ఉన్న టేబుల్ మీద అవి ఎవరికి వినబడతాయి? ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 20 ఏళ్ల సీసాను అలాంటి ప్లేటు పక్కన తెరవడం నా దృష్టిలో దండగ. ఆ పూటకు మూడు నాలుగేళ్ల మొరటు కాబర్నే సోవిన్యోన్, అర్జెంటీనా మాల్బెక్, సిరా లాంటి వగరున్న రెడ్ వైన్‌లే చాలు.

కొవ్వు తక్కువగా ఉండే ఫిలే తెప్పించుకుంటే మాత్రం వగరు తక్కువున్న మెర్లో, పీనో న్వార్ వైపు పోవాలి. బీఫ్ ముట్టని వాళ్లు లాంబ్ చాప్స్ చెబుతారు. దాని కొవ్వుకూ ముందు చెప్పిన లెక్కే. సాల్మన్ చెప్పినవాళ్లు రెడ్ వైన్ జోలికి పోకపోవడం మంచిది. వైన్‌లో ఇనుము కాస్త ఎక్కువుంటే చేపతో కలిసి నోట్లో నీచు వాసన పుట్టిస్తుందని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

ఇక జేబు సంగతి. కాలిఫోర్నియాలో జరిగి 2008లో వెలువడిన ప్రయోగం ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది. 20 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, గొట్టంతో వైన్ చుక్కలు నోట్లో వేశారు. ఐదు రకాలని చెప్పారు గానీ నిజానికి మూడే. 90 డాలర్ల వైన్‌నే ఒకసారి 90 అని, ఇంకోసారి 10 అని చెప్పారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు రుచి బాగుందన్నారు. అది మాట వరసకు అన్నది కాదు, మెదడులో సుఖానుభూతికి సంబంధించిన భాగం కూడా నిజంగానే ఎక్కువగా స్పందించింది. అంటే ఖరీదైన సీసా తాగి ఆహా అన్న మనిషి అబద్ధమాడటం లేదు, బిల్లు కూడా రుచిలో కలిసిపోయింది. అదే ఏడాది వైన్ విమర్శకుడు రాబిన్ గోల్డ్‌స్టైన్ బృందం ధర చెప్పకుండా జరిపిన 6 వేలకు పైగా రుచి పరీక్షల లెక్క తీస్తే, శిక్షణ లేని మామూలు జనానికి ఖరీదైన వైన్ కాస్త తక్కువగానే నచ్చింది.

ఈ గోల్డ్‌స్టైన్ గడుసు మనిషి. మిలాన్‌లో లేని రెస్టారెంట్ ఒకటి సృష్టించి, దాని పేరున వైన్ లిస్ట్ తయారుచేసి, 250 డాలర్ల ఫీజు కట్టి వైన్ స్పెక్టేటర్ పత్రిక అవార్డుకు పంపాడు. లిస్ట్‌లోని ఖరీదైన విభాగంలో ఆ పత్రికే తక్కువ మార్కులు వేసిన ఇటలీ వైన్‌లను ఏరి పెట్టాడు. అవార్డు వచ్చింది! మేం ఫోన్ చేస్తే ఆన్సరింగ్ మెషీన్ పలికిందని, ఇది మోసమని పత్రిక వాళ్లు మొత్తుకున్నారు. వాళ్ల బాధ వాళ్లది. గుమ్మం దగ్గర ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ చూసి లిస్ట్‌కు మార్కులు వేయకూడదని మాత్రం నాకు అప్పుడే అర్థమైంది.

మరి లిస్ట్‌ను దేన్ని చూసి అంచనా వేయాలి? నేనైతే ముందు తక్కువ ధరల వరస చూస్తాను. స్టేక్ ధరకు అటూ ఇటూగా దొరికే సీసాలు పదో పన్నెండో ఉండి, వాటిలో జనానికి పెద్దగా తెలియని ఊళ్ల వైన్‌లు కూడా ఉంటే ఆ లిస్ట్ రాసినవాళ్లు శ్రద్ధగా రాశారన్నమాట. కాలిఫోర్నియాలోని నాపా నుంచి వచ్చే పేరుమోసిన కాబర్నేలు తప్ప ఇంకేమీ లేకపోతే అది చూపించుకోవడానికి పెట్టిన లిస్ట్. ద్రాక్ష కోసిన సంవత్సరం, తయారుచేసినవాళ్ల పేరు రెండూ ప్రతి వరసలో ఉండాలి. సంవత్సరం వేయలేదంటే ఏ సీసా వస్తే ఆ సీసాతో సరిపెట్టుకోవాలి.

అమెరికాలో రెస్టారెంట్లు టోకు ధరకు రెండున్నర, మూడు రెట్లు వేసి అమ్మడం మామూలే. గ్లాసు లెక్కన తాగితే ఇంకా తడిసి మోపెడవుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి. మొదటి గ్లాసు డబ్బుతోనే సీసా ఖర్చు రాబట్టుకోవాలన్నది ఆ వ్యాపారంలో పాత లెక్క. ఇద్దరు తాగేవాళ్లుంటే సీసాయే నయం. గ్లాసే కావాలనుకుంటే సీసా ఎప్పుడు తెరిచారో అడగండి, గాలి తగిలి రెండు మూడు రోజులైన వైన్ సప్పబడిపోతుంది.

అన్నిటికంటే చవకది అడిగితే నామోషీ అనుకుని చాలామంది రెండో చవక సీసా చెబుతారని, రెస్టారెంట్లు అది కనిపెట్టి దాని మీదే ఎక్కువ లాభం వేస్తాయని ఒక మాట ప్రచారంలో ఉంది. లండన్ రెస్టారెంట్ల లిస్టులు తీసుకుని డేవిడ్ డి మెజా, విక్రమ్ పతానియా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2021లో లెక్క వేస్తే అది తప్పని తేలింది. శాతాల్లో చూస్తే ఎక్కువ లాభం లిస్ట్ నడిమధ్యలో ఉంది. మరీ చవక కాదు, మరీ ఖరీదు కాదు అనుకుని మర్యాద కోసం వేలు పెట్టే చోటే జేబుకు చిల్లు.

ఇక ఆర్డర్. వైన్ చూసుకునే ఆ సూటు మనిషిని సొమెలియే అంటారు. అతనితో వాదులాటలు, పాండిత్యాలు అక్కర్లేదు. అతిథుల ముందు డబ్బు మాట ఎత్తడం ఇబ్బందైతే, లిస్ట్‌లో మీకు సరిపోయే ధర మీద వేలు పెట్టి ‘ఇలాంటిది, కాస్త వగరున్నది చెప్పండి’ అంటే చాలు. అతనికి అర్థమవుతుంది.

సీసా తెచ్చి లేబుల్ చూపిస్తాడు. సంవత్సరం సరిపోయిందో లేదో చూసుకోండి. బిరడా తీసి కాస్త పోస్తాడు. నచ్చిందా అని కాదు, పాడైందా అని చూడటానికి. బెండు బిరడాలో చేరిన బూజు, క్లోరోఫినాల్స్ అనే రసాయనాలను టీసీఏ అనే పదార్థంగా మార్చేస్తుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు, తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. ఇది ముక్కులోని వాసన కణాల పనిని కూడా అణిచేస్తుందని 2013లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. అందుకే టీసీఏ మరీ కొద్దిగా ఉంటే చెడు వాసన తెలియదు, పండు వాసన మాత్రం చచ్చిపోయి వైన్ నీరసంగా అనిపిస్తుంది. అలా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, మంచి చోట మారుస్తారు. వైన్ వెచ్చగా వచ్చినా చెప్పండి. రెడ్ వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ సరి. అంతకు మించితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది. పది నిమిషాలు ఐసు బకెట్లో పెట్టమంటే ఎవరూ నవ్వరు.

కారం అలవాటున్న మనవాళ్లకు రెండు మాటలు. కొన్ని సిరా వైన్‌లలో మిరియాల వాసన వస్తుంది. అది ఊహ కాదు, రోటన్‌డోన్ అనే పదార్థం మిరియాల్లోనూ అందులోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. ఐదుగురిలో ఒకరికి ఈ వాసన తెలియదు కాబట్టి పక్కవాళ్లు మిరియాలంటుంటే మీకు తగలకపోయినా కంగారు పడక్కర్లేదు. మిరపకారం కథ వేరు. వేడిని, మిరపకారాన్ని పసిగట్టే గ్రాహకం నోట్లో ఒకటే. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర కదులుతుంది. ఆల్కహాల్ ఆ గీతను సుమారు 34కు దించేస్తుందని 2002లో తేలింది. ఒంటి వేడికే మంట మొదలవుతుందన్నమాట. స్టేక్ మీద హాట్ సాస్ కుమ్మరించుకుని 15 శాతం ఆల్కహాల్ ఉన్న జిన్‌ఫాండెల్ రెడ్ వైన్ తాగితే నోరు భగ్గుమంటుంది, 13 శాతం లోపున్నది తీసుకోండి. ఆ అంకె లిస్ట్‌లో సాధారణంగా వేయరు, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీసా చూపించినప్పుడే చూసుకోవాలి, బిరడా తీశాక, వైన్ పాడైతే తప్ప, బిల్లు మనదే.