కొత్త ఎడిషన్‌లో మంత్రాల రూల్స్: అపోహలు - వాస్తవాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట) కొత్త ఎడిషన్ వస్తోందన్న కబురు చెవిన పడితే చాలు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మంత్రాల రూల్స్ మీద లెక్కలు మొదలైపోతాయి. ఊహించడంలో తప్పేం లేదు, సగం సరదా అందులోనే ఉంది. కాకపోతే ఈ ఆట 1974 నుంచి ఎన్నోసార్లు మారింది. ఏది మారింది, ఎందుకు మారింది అన్నది చూసుకుని ఊహిస్తే గురి కాస్త కుదురుతుంది.

అపోహ: ప్లేటెస్ట్‌లో (అచ్చుకు ముందు ఆటగాళ్లతో ఆడించి చూసే ముసాయిదాలో) వచ్చిందంటే పుస్తకంలో వచ్చినట్టే.

వాస్తవం: 2024 పుస్తకం కోసం 2022 ఆగస్టులో మొదలైన ప్లేటెస్ట్‌నే చూడండి. క్లాసుకో (విజార్డ్, వార్‌లాక్ లాంటి పాత్ర రకానికో) మంత్రాల జాబితా తీసేసి ఆర్కేన్, డివైన్, ప్రైమల్ అని మూడే జాబితాలు పెట్టారు. మంత్రంతో చేసే దాడికి క్రిటికల్ హిట్ (20 పడితే రెట్టింపు పాచికల దెబ్బ) లేదన్నారు. 2023లో వార్‌లాక్ ప్యాక్ట్ మ్యాజిక్ (షార్ట్ రెస్ట్‌తో, అంటే చిన్న విరామంతోనే తిరిగొచ్చే కొద్దిపాటి స్లాట్లు) తీసేసి మామూలు స్లాట్లు ఇచ్చి చూశారు. స్లాట్ అంటే మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే, రోజుకు ఇన్నే అని లెక్కున్న అవకాశం. ఈ మూడూ అచ్చు దాకా రాలేదు. మొదటి ప్యాకెట్ (ముసాయిదా విడత) చూసి పాత పాత్రను చించేసిన వాళ్లు మళ్లీ రాసుకోవాల్సి వచ్చి ఉంటుంది. ఒక మార్పు తర్వాతి ప్యాకెట్‌లో కూడా నిలబడితే అప్పుడు దాన్ని పట్టించుకోండి.

అపోహ: స్లాట్ల బదులు పాయింట్లు పెడితే లెక్క తేలికవుతుంది, ఆట మాత్రం మారదు.

వాస్తవం: మారేది ఆటే. ఐదో లెవెల్ విజార్డ్‌కి (లెవెల్ పాత్రది, స్థాయి మంత్రానిది) మొదటి స్థాయి స్లాట్లు 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో స్పెల్ పాయింట్లు ఐచ్ఛిక రూల్‌గా ఉన్నాయి. ఆ మూడు స్థాయుల ఖరీదు వరసగా 2, 3, 5 పాయింట్లు. అంటే 8 + 9 + 10, మొత్తం 27. పైకి చూస్తే తూకం సరిగ్గానే ఉంది. ఇప్పుడు మూడో స్థాయి మంత్రం ఫైర్‌బాల్ వేయండి. స్లాట్లతో అయితే, ఆర్కేన్ రికవరీ (విజార్డ్ షార్ట్ రెస్ట్‌లో కొన్ని స్లాట్లు తిరిగి తెచ్చుకునే శక్తి) పక్కన పెడితే, రోజుకు రెండుసార్లు. పాయింట్లతో ఐదుసార్లు, పైగా ఇంకో 2 మిగులుతాయి. 8డీ6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) సగటు 28 కాబట్టి, సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పిన ఒక్కో శత్రువు మీద 56 పడాల్సిన చోట 140 పడుతుంది. రోజుకు ఒకే పోరాటం నడిపే టేబుల్‌లో ఫైటర్ గుడ్లప్పగించి చూడటమే. ఆరు పోరాటాలు నడిపే చోట విజార్డ్ మొదటి దాంట్లోనే ఖాళీ అయిపోయి మిగతా ఐదింట్లో స్లాట్ అక్కర్లేని క్యాంట్రిప్‌లతో సరిపెట్టుకుంటాడు. ఆ ఐచ్ఛిక రూల్ ఆరో స్థాయి నుంచి పైన ఒక్కో స్థాయికి లాంగ్ రెస్ట్‌కి (పూర్తి విశ్రాంతికి) ఒక్కటే అని గీత గీసింది, కింద గీయలేదు. అసలు తలనొప్పి అక్కడే. కొత్త ఎడిషన్‌లో పాయింట్లు కనిపిస్తే ముందు వెతకాల్సింది ఆ గీత ఎక్కడుందన్నదే.

2008లో నాలుగో ఎడిషన్ స్లాట్లను పూర్తిగా తీసేసి ఎట్-విల్, ఎన్‌కౌంటర్, డైలీ (ఎప్పుడైనా, పోరాటానికోసారి, రోజుకోసారి వాడే) పవర్స్ పెట్టింది. 2014లో ఐదో ఎడిషన్‌తో స్లాట్లు తిరిగొచ్చాయి. కానీ పొద్దున్నే ఒక్కో స్లాట్‌లో ఒక్కో మంత్రం నింపుకునే పాత పద్ధతిలో రాలేదు: సిద్ధం చేసుకున్న జాబితాలో ఏదైనా, సరిపడే ఏ స్లాట్‌తోనైనా వేయొచ్చు. 2024లో ఆ జాబితా పొడవును కూడా పట్టికకు కట్టేశారు. ఐదో లెవెల్ విజార్డ్‌కి ఇంటెలిజెన్స్ 16 ఉన్నా 20 ఉన్నా 9 మంత్రాలే.

అపోహ: పాచికలు పెరిగాయంటే మంత్రం బలపడినట్టే.

వాస్తవం: పాచికలు చివర చూడండి. ముందు చూడాల్సినవి రెండు: వేయడానికి ఏ యాక్షన్ ఖర్చవుతుంది, కాన్సంట్రేషన్ (మంత్రం నిలవాలంటే మనసు దానిమీదే పెట్టి ఉండటం) కావాలా వద్దా. 2024లో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ 1డీ8 నుంచి 2డీ8కి పెరిగింది, హీలింగ్ వర్డ్ 1డీ4 నుంచి 2డీ4కి. పడిపోయిన తోటివాణ్ని లేపడానికి ఒక్క హిట్ పాయింట్ (ప్రాణబలం లెక్క) చాలు. ఆ పని బోనస్ యాక్షన్‌తో (అసలు యాక్షన్ ఖర్చు కాకుండా, అదనంగా చేసే చిన్న పనితో), దూరం నుంచి అయిపోతుంటే హీలింగ్ వర్డ్‌దే పైచేయి, పాచికలు ఎన్నయినా కానివ్వండి.

కాన్సంట్రేషన్ సంగతి ఇంకా గట్టిది. దెబ్బ తగిలిన ప్రతిసారీ 10 లేదా డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే దాని మీద కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో వేసే సేవింగ్ త్రో) వేయాలి (2024లో దీనికి 30 అని పైహద్దు పెట్టారు). బోనస్ +2 ఉంటే 10ని దాటే అవకాశం 65 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. మూడు చిన్న దెబ్బలు తగిలాక కూడా మంత్రం నిలిచి ఉండే అవకాశం 27 శాతమే. 28 డ్యామేజీ ఒక్కసారే పడితే దాటాల్సింది 14, అవకాశం 45 శాతం. అంటే ఆ విజార్డ్‌కి ఒక్క పెద్ద దెబ్బ కంటే మూడు చిన్న బాణాలే ప్రమాదం. కాబట్టి ఏదైనా మంత్రం నుంచి "కాన్సంట్రేషన్" అన్న ఒక్క మాట తీసేస్తే, అది రెండు పాచికలు చేర్చినదానికంటే పెద్ద మార్పు.

అపోహ: ఒకే టర్న్‌లో రెండు పెద్ద మంత్రాలు వేయడం 2014లో కుదిరేదే కాదు.

వాస్తవం: అప్పటి నిషేధం బోనస్ యాక్షన్‌తో మంత్రం వేస్తేనే. యాక్షన్ సర్జ్ (ఒక టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే ఫైటర్ శక్తి) ఉన్న ఫైటర్-విజార్డ్ రెండు ఫైర్‌బాల్స్ హాయిగా వేసేవాడు. 2024 రూల్ ఒక టర్న్‌లో మంత్రానికి ఒకే స్లాట్ ఖర్చు చేయమంది, యాక్షన్ సర్జ్‌తో మ్యాజిక్ యాక్షన్ (మంత్రం వేసే యాక్షన్) కూడా వద్దంది. దీనివల్ల చాలామంది గమనించని చిక్కు ఒకటుంది: మీ టర్న్‌లో మీరు స్లాట్‌తో మంత్రం వేశాక, శత్రువు దాన్ని కౌంటర్‌స్పెల్‌తో ఆపబోతే, అదే టర్న్‌లో మీరు స్లాట్‌తో కౌంటర్‌స్పెల్ వేయలేరు. స్లాట్ ఖర్చు కాని మంత్రాలకు ఈ అడ్డు లేదు.

అపోహ: కౌంటర్‌స్పెల్ చచ్చిపోయింది.

వాస్తవం: వాడకం మారింది, అంతే. ఇదివరకు మూడో స్థాయి లోపు మంత్రమైతే దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు ఆ మంత్రం వేసేవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, అది తప్పితే మంత్రం ఆగిపోతుంది కానీ అతని స్లాట్ మిగులుతుంది. లెజెండరీ రెసిస్టెన్స్ (తప్పిన సేవ్‌ని గెలిచినట్టు మార్చుకునే, లెక్కగా ఉండే శక్తి) ఉన్న శత్రువు మీద వాడితే ఆ రెసిస్టెన్స్ ఒకటి కరిగించడానికే పనికొస్తుంది. అదీ తక్కువేం కాదు.

అపోహ: పేరు అదే కాబట్టి మంత్రమూ అదే.

వాస్తవం: 2014లో కంజూర్ ఎనిమల్స్ వేస్తే ఎనిమిది జంతువుల దాకా దిగేవి, ఒక్కోదానికి విడిగా దాడి. టేబుల్ మొత్తం ఒకరి టర్న్ కోసం కాచుకునేది. 2024లో అదే పేరుతో కదిలే ఆత్మల మంద ఒకటి వస్తుంది. పేర్లు కాదు, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి వేసే సమయం, దూరం, కాన్సంట్రేషన్, సేవ్, పై స్లాట్‌తో వేస్తే ఏమవుతుంది అన్నవి పోల్చండి.

మంత్రాల స్కూల్స్ (మంత్రాలను విడగొట్టే ఎనిమిది రకాలు) తీసేస్తే ఆట కూలిపోతుందన్న భయం కూడా ఒకటి తిరుగుతుంటుంది. ఇదే తరహా ఇంకో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2023 రీమాస్టర్‌లో ఆ ఎనిమిదింటినీ తీసేశారు. ఆట నడుస్తూనే ఉంది.

కొత్త రూల్‌ని పరీక్షించాలంటే ఐదో లెవెల్ పాత్రలు నాలుగు తీసుకోండి. మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు ఇచ్చి మూడు పోరాటాలు నడపండి. ప్రతి పోరాటం తర్వాత మిగిలిన స్లాట్లు, తెగిపోయిన కాన్సంట్రేషన్‌లు, ఒక్కో టర్న్‌కి పట్టిన నిమిషాలు రాసుకోండి. అదే పోరాటాలు పాత రూల్స్‌తో ఇంకోసారి నడిపి, రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడండి.