బ్రసెల్స్‌ను ఆపింది ఆ 17 సీట్లేనా?

2024 జూన్ 9న ఎన్నికలు జరిగాయి. 541 రోజులు దాటినా బెల్జియం రాజధాని బ్రసెల్స్ రీజియన్‌లో కొత్త ప్రభుత్వం ఏర్పడలేదు. 2010–11లో బెల్జియం దేశం పెట్టిన రికార్డు అది. రాజధాని దాన్ని కూడా దాటేసింది, 2026 ఫిబ్రవరిలో గాని ప్రభుత్వం రాలేదు. అప్పటినుంచి ఫ్రెంచి మాట్లాడే నాయకుల్లో చాలామంది చెబుతున్నది ఒకటే: డచ్ వర్గానికి ఇచ్చిన 17 సీట్ల వల్లే ఊరు స్తంభించిందని. ఆ సీట్లు ఎలా వచ్చాయో చూడకుండా ఈ మాట ఒప్పుకోవడం కష్టం.

ముందు లెక్క. సభలో 89 మంది: ఫ్రెంచి వర్గం 72, డచ్ వర్గం 17. ప్రభుత్వ జాబితాపై సగానికి పైగా సభ్యులు, అంటే కనీసం 45 మంది సంతకం పెట్టాలి. దానికి తోడు ఫ్రెంచి వర్గం నుంచి 37, డచ్ వర్గం నుంచి 9 విడివిడిగా ఉండాలి, అంటే నిజానికి 46. రీజియన్ ప్రభుత్వాధినేత అయిన మినిస్టర్-ప్రెసిడెంట్ కాక ఇద్దరు ఫ్రెంచి మంత్రులు, ఇద్దరు డచ్ మంత్రులు, వారి కింద ముగ్గురు స్టేట్ సెక్రటరీలు. డచ్ వైపు దక్కేవి మొత్తం మూడు పదవులే. 2024లో ఆ 17 సీట్లను ఎనిమిది జాబితాలు పంచుకున్నాయి, అన్నిటికన్నా పెద్దదైన పర్యావరణ పార్టీ గ్రూన్‌కు వచ్చినవి నాలుగే. మూడు సీట్లున్న ఫువాద్ అహిదార్ జాబితాను పక్కనపెడితే, తొమ్మిది మందిని కూడగట్టడానికి నాలుగు పార్టీలు కావాలి, పదవులేమో మూడు. ఇబ్బంది నిజమే. అయినా 2024 నవంబరులో గ్రూన్, ఫ్లెమిష్ జాతీయవాద పార్టీ ఎన్-వీఏ, ఉదారవాద ఓపెన్ వీఎల్‌డీ, సోషలిస్టు వోరౌట్ ఒక అవగాహనకు వచ్చాయి. ఎన్-వీఏ ఉన్న ప్రభుత్వంలో కూర్చోబోమన్నారు ఫ్రెంచి సోషలిస్టులు. ఎన్-వీఏ లేకుండా రామని ఓపెన్ వీఎల్‌డీ భీష్మించింది. ముడి అక్కడ బిగుసుకుంది.

ఇవాళ్టి తగాదాకు పనికొచ్చే పాత సంగతి ఒక్కటే. ఒకప్పుడు ఊరి ఏలుబడిలో ఉన్న చుట్టుపక్కల పల్లెలను 1795లో ఫ్రెంచి పాలకులు వేరు చేసి, ఎవరి కమ్యూన్ (సొంత మేయరున్న స్థానిక పాలనా విభాగం) వారికిచ్చారు. ఒక ఊరికి 19 మంది మేయర్లు ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడుంది.

మిగతా సగం జవాబు 1947 జనగణనలో దొరుకుతుంది. నా దృష్టిలో అసలు మలుపు అదే. 1932 భాషా చట్టం ప్రకారం కమ్యూన్ భాషను పదేళ్లకోసారి జనగణన తేల్చేది. 30 శాతం మంది రెండో భాష మాట్లాడతామంటే అక్కడ జనంతో వ్యవహారం రెండు భాషల్లోనూ జరగాలి. 50 శాతం దాటితే కమ్యూన్ స్థితే మారిపోతుంది. డచ్ మాట్లాడే ఫ్లెమిష్ పక్షం ఫిర్యాదు ఏమిటంటే, ఇది లెక్కింపు కాదు, ఓటింగ్ అని. ఉద్యోగం, చదువు, హోదా అన్నీ ఫ్రెంచిలోనే నడిచే ఊళ్లో, ఇంట్లో డచ్ మాట్లాడే కుటుంబం కూడా ఫారంలో ఫ్రెంచి అని రాసేది. ఆ ఫలితాలు ఎంత వేడి పుట్టించాయంటే, ప్రభుత్వం వాటిని 1954 దాకా బయటపెట్టలేదు. బయటికొచ్చాక ఎవెర్, గాన్స్‌హోరెన్, బెర్కెమ్ బ్రసెల్స్ వైపు చేరిపోయాయి. 16 కమ్యూన్లు 19 అయ్యాయి. క్రాయ్‌నెమ్, లింకెబేక్, డ్రోగెన్‌బోస్, వెమ్మెల్‌లలో ఫ్రెంచికి సౌకర్యాలు, అంటే జనంతో వ్యవహారం ఫ్రెంచిలోనూ జరిపే వీలు, వచ్చాయి. దీన్ని ఫ్లెమింగులు ‘నూనె మరక’ అన్నారు: ఒకసారి పడితే వెనక్కి పోదు, పాకుతూనే ఉంటుంది. తరువాతి జనగణన ఫారాలు పంచబోమని ఫ్లెమిష్ మేయర్లు తిరగబడ్డారు. 1961, 1962లలో బ్రసెల్స్ వీధుల్లో భారీ ఊరేగింపులు జరిగాయి. 1961లో జనగణన నుంచి భాష ప్రశ్నను తీసేశారు. హోంమంత్రి ఆర్తుర్ జిల్సన్ తెచ్చిన చట్టాలతో 1963లో భాషా సరిహద్దు గీత గడ్డకట్టింది. బ్రసెల్స్ 19 కమ్యూన్ల దగ్గర ఆగింది. అంచున ఉన్న ఆరు కమ్యూన్లు ఫ్రెంచి సౌకర్యాలతోనే డచ్ ప్రాంతమైన ఫ్లాండర్స్‌లో ఉండిపోయాయి.

ఆ గీతను ఫ్రెంచి పక్షం మెడకు తగిలించిన ‘ఇనుప పట్టీ’ అంటుంది. విమానాశ్రయం ఉన్న జావెంటెమ్ కూడా గీత అవతలే. ఆరింటిలో ఒకటైన సింట్-హెనేసియస్-రోడే బ్రసెల్స్‌కూ, దేశ దక్షిణాన ఫ్రెంచి ప్రాంతమైన వలోనియాకూ మధ్య ఉన్న సన్నని పట్టీ. అది చేతికొస్తే ఫ్రెంచి ప్రాంతాలు రెండూ కలుస్తాయి, అందుకే దాన్ని వదలడానికి ఫ్లాండర్స్ ససేమిరా అంటుంది.

ఇక 17 సీట్ల సంగతి. 1971లో 19 కమ్యూన్ల ఉమ్మడి మండలికి ఎన్నికలు జరిగాయి. కార్యవర్గంలో రెండు భాషలకూ సమాన స్థానాలన్నది నియమం. ఫ్రెంచి పార్టీ ఎఫ్‌డీఎఫ్ ముందుండి నడిపిన కూటమి తన జాబితాలోనే కొందరిని డచ్ వర్గం కింద నమోదు చేయించి గెలిపించుకుంది. ఫ్లెమిష్ పార్టీలు వాళ్లను ‘దొంగ ఫ్లెమింగులు’ అన్నాయి. సమానత్వం కాగితం మీద మిగిలింది. 1980లో ఫ్లాండర్స్, వలోనియాలకు స్వపరిపాలన వచ్చినా బ్రసెల్స్ వంతు ‘ఫ్రిజ్‌లోకి’ వెళ్లింది. 1971లో ఎన్నికైన మండలే 1989 దాకా మరో ఎన్నిక లేకుండా సాగింది.

బ్రసెల్స్‌కు చివరికి స్వపరిపాలన ఇచ్చిన 1989 జనవరి 12 నాటి ప్రత్యేక చట్టంలో ఆ అనుభవం కనబడుతుంది. ఏ జాబితాలోనూ రెండు భాషల వాళ్లు ఉండకూడదు. అభ్యర్థి ఒకసారి డచ్ వర్గమని చెప్పుకుంటే జీవితాంతం అదే. ఓటరు భాష మాత్రం ఎవరూ అడగరు, ఏ వర్గం జాబితాకైనా ఓటేయొచ్చు. 2004 నుంచి సభను 75 నుంచి 89కి పెంచి 72–17 అని ఖాయం చేశారు.

2025లో బ్రసెల్స్‌లోని ఆరు పోలీసు జోన్లను ఒకటి చేయాలన్న ఫెడరల్ ప్రభుత్వ ప్రతిపాదనతో, ఊరిని ఎవరు ఏలాలన్న వాదన మళ్లీ లేచింది. మేయర్లలో చాలామంది వద్దన్నారు. ఫ్లెమిష్ పార్టీలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నది ఇదే.

17 సీట్లు తీసేయాలనేవారు ఒకటి గమనించాలి. 1970 రాజ్యాంగ సవరణ దేశంలో సంఖ్య తక్కువున్న ఫ్రెంచి వారికి ఫెడరల్ మంత్రివర్గంలో సగం స్థానాలు ఇచ్చింది. బ్రసెల్స్‌లో తక్కువున్న డచ్ వారికి దక్కిన రక్షణ దానికి జోడీ. 1989 చట్టంలోని ఆ రక్షణను సొంతంగా రద్దు చేసుకునే అధికారం బ్రసెల్స్ సభకు లేదు. ఫెడరల్ పార్లమెంటులో మొత్తం ఓట్లలో మూడింట రెండొంతులు, దాంతోపాటు ప్రతి భాషా వర్గంలోనూ మెజారిటీ కావాలి.