టూల్‌బార్‌లో జూమ్ డబ్బా పెట్టేముందు

మా పెద్దదానికీ చిన్నోడికీ పెదనాన్న ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి రాసిన బొమ్మలు గీసే ప్రోగ్రాం నిన్న రాత్రి కూర్చుని చూశాను. గీతలు చక్కగా పడుతున్నాయి. చెరిపేస్తే చెరిగిపోతున్నాయి, అది ఇంకా గొప్ప. "టూల్‌బార్‌లో జూమ్ డబ్బా పెట్టాలి, మెనూలో జూమ్ స్లైడర్ పెట్టాలి, ఎలా?" అని అడిగారు కదా. పెట్టడం నాలుగు లైన్ల పని. పెట్టాక అది చుట్టుపక్కల వాటితో గొడవపడకుండా చూడటానికే వారం పడుతుంది. నేను రాసేది ఎక్కువగా ఆ వారం గురించే.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇలాంటి డబ్బాలనూ స్లైడర్లనూ విండోస్ వైపు వాళ్లు కంట్రోల్ అంటారు, క్యూటీ, జీటీకే అనే, కిటికీలూ బటన్లూ తయారుచేసిపెట్టే లైబ్రరీలు వాడేవాళ్లు విడ్జెట్ అంటారు. కీబోర్డు మీద కంట్రోల్ అని ఒక కీ ఎలాగూ ఉంది. రెండూ కలిసిపోకుండా నేను విడ్జెట్ అనే రాస్తాను.

మీ టూల్‌బార్‌లో ఇప్పుడున్న సేవ్ బటన్ చూడండి. అదే సేవ్ ఫైల్ మెనూలోనూ ఉంది, కంట్రోల్ ఎస్ నొక్కినా జరిగేది అదే. మూడు చోట్ల కనిపించినా పని ఒక్కటే. ఆ పనిని క్యూటీలో క్యూయాక్షన్ అంటారు, జావాలో అలాంటి లైబ్రరీయే అయిన స్వింగ్‌లో యాక్షన్ అంటారు. దాని పేరు, ఐకాన్, షార్ట్‌కట్, ప్రస్తుతం నొక్కొచ్చా లేదా అన్న విషయం, అన్నీ ఆ యాక్షన్ దగ్గరే ఉంటాయి. ఫైలేదీ తెరిచి లేనప్పుడు దాన్ని ఒక్కసారి డిసేబుల్ చేస్తే చాలు, మెనూలోనూ టూల్‌బార్‌లోనూ ఒకేసారి బూడిదరంగుకి తిరుగుతుంది. మీరు ఇంతవరకు టూల్‌బార్‌లో పెట్టినవన్నీ ఇవే.

విడ్జెట్ అలా కాదు. అది తెర మీద చోటు పట్టుకుని కూర్చునే వస్తువు, దానికి పేరెంట్, అంటే దాన్ని తనలో పెట్టుకునే విడ్జెట్, ఒకటే ఉంటుంది. స్వింగ్‌లో ఒక కాంబోబాక్స్‌ని (బాణం నొక్కితే జాబితా జారే డబ్బా) ముందు టూల్‌బార్‌కి యాడ్ చేసి, మళ్లీ అదే కాంబోబాక్స్‌ని ఇంకో ప్యానెల్‌కి యాడ్ చేయండి. ఎర్రర్ రాదు. టూల్‌బార్‌లో మాయమై ప్యానెల్‌లో తేలుతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం దానివల్ల కాదు. క్యూటీలో ఇందుకోసమే క్యూవిడ్జెట్‌యాక్షన్ అని ఒక మధ్యవర్తిని పెట్టారు. దానిలో క్రియేట్‌విడ్జెట్ అనే ఫంక్షన్ మీరు రాస్తే, ఏ మెనూ అడిగినా ఏ టూల్‌బార్ అడిగినా ఒక్కోదానికి ఒక్కో కొత్త విడ్జెట్ చేసి ఇస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని సెట్‌డిఫాల్ట్‌విడ్జెట్‌తో ఒక్కటే ఇచ్చి సరిపెట్టారనుకోండి, అది ఒక్క చోటే కనిపిస్తుంది, రెండో చోట కనిపించదు. "మెనూలో వచ్చింది, టూల్‌బార్‌లో రాలేదు" అని చిన్నోడు రాశాడే, కారణం ఇదే.

మా రోజుల్లో ఈ మధ్యవర్తులు లేరు. విండోస్‌లో ఎంఎఫ్‌సీ అనే మైక్రోసాఫ్ట్ లైబ్రరీ వాడుతూ టూల్‌బార్‌లో కాంబోబాక్స్ పెట్టాలంటే ఒక చిట్కా ఉండేది, అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బటన్ల మధ్య చిన్న ఖాళీ కోసం పెట్టే సెపరేటర్ ఉంటుంది కదా, దాని వెడల్పు నూటయాభై పిక్సెళ్లకి సాగదీసేవాళ్లం. అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టూల్‌బార్‌నే అడిగి, సరిగ్గా ఆ కొలతలకి కాంబోబాక్స్ తయారుచేసి దాని మీద కూర్చోబెట్టేవాళ్లం. టూల్‌బార్ దృష్టిలో అక్కడున్నది ఉత్త ఖాళీ. వాడేవాళ్ల దృష్టిలో కాంబోబాక్స్. అంతా బాగానే ఉండేది, ఎవరైనా ఆ టూల్‌బార్‌ని లాగి కిటికీ ఎడమపక్కన నిలువుగా అతికించేదాకా. నిలువు టూల్‌బార్ వెడల్పు ఒక బటన్ అంతే. నూటయాభై పిక్సెళ్ల కాంబో అందులో ఎక్కడ పడుతుంది? నిలువుగా ఉన్నప్పుడు కాంబోని దాచేసి, దాని బదులు ఒక మామూలు బటన్ చూపించేవాళ్లం. మీ టూల్‌బార్‌ని కూడా పక్కకి లాగే వీలుంది, చూశాను. ఆ పని మీకూ తప్పదు.

మెనూ సంగతి ఇంకా వేరు. విండోస్ సొంత మెనూలో నిజమైన విడ్జెట్ పెట్టే వీలే లేదు. మీరు చేయగలిగేది ఓనర్ డ్రా, అంటే ఆ ఐటమ్‌ని మీరే గీయడం, ఒక్కటే: "ఈ ఐటమ్ నీకెంత సైజు కావాలి?" అని విండోస్ ఒకసారి అడుగుతుంది, "ఇక గీసుకో" అని ఇంకోసారి చెబుతుంది. ఆ చోట టెక్స్ట్ డబ్బా బొమ్మ ఎంత అందంగా గీసినా దానిలో కర్సర్ మిణుకుమనదు, అక్షరం పడదు. మెనూ తెరిచి ఉన్నంతసేపూ కీబోర్డు మెనూ చేతిలోనే ఉంటుంది. 2005లో మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ 2.0తో వచ్చిన టూల్‌స్ట్రిప్ ఈ ఇబ్బందిని దాటేసింది, ఎలాగంటే ఆ మెనూలు విండోస్ మెనూలు కావు, టూల్‌స్ట్రిప్ సొంతంగా గీసుకునేవి. టూల్‌స్ట్రిప్‌కంట్రోల్‌హోస్ట్ అనే క్లాసులో ఏ విడ్జెట్‌నైనా చుట్టి అందులో పెట్టొచ్చు, క్యాలెండర్‌తో సహా. మ్యాక్‌లో 2007 నాటి లెపర్డ్ వెర్షన్ నుంచి మెనూ ఐటమ్‌కి సొంత వ్యూ (అక్కడ విడ్జెట్‌ని అలా అంటారు) ఇవ్వొచ్చు. ఇచ్చారంటే మాత్రం ఆ ఐటమ్ పేరు గీయడం, టిక్కు గుర్తు గీయడం అన్నీ మీ నెత్తినే పడతాయి, సిస్టమ్ తన చేతులు దులిపేసుకుంటుంది.

నన్నడిగితే మెనూలో స్లైడర్ వద్దు. మెనూ అంటే తెరిచి, ఒకటి ఎంచుకుని, మూసేసేది. స్లైడర్ అంటే అటూ ఇటూ జరుపుతూ బొమ్మ ఎలా మారుతోందో చూసేది. తెరిచిన మెనూ ఆ బొమ్మ మీదే అడ్డంగా నిలబడితే చూసేదేమిటి? మెనూలో 50, 100, 200 శాతం అని మూడు మామూలు యాక్షన్లు పెట్టండి, చాలు. డబ్బా టూల్‌బార్‌లోనే ఉండనివ్వండి. పెద్దది ఒప్పుకోదని తెలుసు, దానిష్టం.

ఇక ఆ డబ్బా దగ్గరికి వద్దాం. ఒక్క డబ్బానే దగ్గర పెట్టుకుని చూడండి. అందులో 100% అని ఉంది. వాడేవాడు క్లిక్ చేసి 150 అని టైప్ చేయబోయాడు. ముందు ఒకటి నొక్కాడు. మీరు ప్రతి అక్షరానికీ స్పందించేలా రాసి ఉంటే, ఆ క్షణమే బొమ్మ ఒక్క శాతానికి కుంచించుకుపోయి చుక్క అవుతుంది. ఐదు నొక్కగానే పదిహేను శాతం, సున్నా నొక్కగానే నూటయాభై. కళ్లు తిరుగుతాయి. అందుకే ఎంటర్ నొక్కినప్పుడో, డబ్బా వదిలి బయటికి వెళ్లినప్పుడో మాత్రమే ఆ అంకెను తీసుకోండి. ఎస్కేప్ నొక్కితే పాత అంకె తిరిగి రావాలి. "అబద్ధం" అని టైప్ చేసినా పాత అంకే రావాలి, ఎర్రర్ బాక్స్ వేసి తిట్టకండి.

ఎంటర్ నొక్కాడు, బొమ్మ పెద్దదైంది. ఇప్పుడు ఫోకస్, అంటే కీబోర్డు మీద నొక్కింది ఏ విడ్జెట్‌కి చేరాలో ఆ గుర్తు, ఎక్కడుంది? ఇంకా డబ్బాలోనే. అతను బొమ్మని కాస్త కిందికి జరుపుదామని కిందిబాణం నొక్కుతాడు. బొమ్మ కదలదు, డబ్బాలో 150 కాస్తా 200 అవుతుంది. ఎంటర్ అవగానే ఫోకస్‌ని బొమ్మ గీసే కాన్వాస్‌కి తిరిగి ఇచ్చేయాలి. ఒక్క లైను, కానీ చాలామంది మర్చిపోయే లైను. మౌస్ చక్రంతోనూ ఇలాంటి చిక్కే ఉంది: పేజీ జరుపుతూ పాయింటర్ పొరపాటున డబ్బా మీదికి వస్తే చక్రం అంకెలని తిప్పేస్తుంది. డబ్బాలో ఫోకస్ లేనప్పుడు చక్రాన్ని పట్టించుకోవద్దని చెప్పండి.

జూమ్ మారే దారి డబ్బా ఒక్కటే కాదు కదా, కంట్రోల్ కీ పట్టుకుని చక్రం తిప్పినా మారుతుంది. అలా తిప్పితే జూమ్ 66.67కి వచ్చిందనుకోండి. మీరు డబ్బాలో 67 అని చూపిస్తారు. డబ్బాలో అంకె మారింది కాబట్టి అది "నేను మారాను" అని కేక వేస్తుంది. ఆ కేక విని మీ కోడ్ జూమ్‌ని 67 చేస్తుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే బొమ్మ ఒక పిసరు కదులుతుంది. ఈ బగ్ వెతకడానికి నాకు ఒకప్పుడు రెండు రోజులు పట్టింది. అసలు జూమ్ విలువ ఒక్కచోటే ఉండాలి, డబ్బా దాన్ని చూపించేది మాత్రమే. చూపించేటప్పుడు దాని నోరు కాసేపు మూయండి, క్యూటీలో అందుకు క్యూసిగ్నల్‌బ్లాకర్ ఉంది.

నేను చేసిన అసలు తప్పు ఇప్పుడు చెబుతాను, నవ్వకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాన్లు గీసే ప్రోగ్రాం టూల్‌బార్‌లో వెతికే డబ్బా పెట్టాను. అందరూ బాగుందన్నారు. వారం తిరక్కుండానే ఒకాయన ఫోన్ చేసి, మీ డబ్బా నా గోడలు తినేస్తోంది అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన పక్కన కూర్చుని చూశాను. ప్లాన్‌లో ఒక గోడని సెలెక్ట్ చేసి, డబ్బాలో తలుపు పేరు టైప్ చేశాడు. ఒక అక్షరం తప్పు పడింది. డిలీట్ నొక్కాడు. డబ్బాలో అక్షరం అలాగే ఉంది, ప్లాన్‌లో గోడ పోయింది.

ఎడిట్ మెనూలో డిలీట్ అనే పనికి డిలీట్ కీని షార్ట్‌కట్‌గా పెట్టింది నేనే. విండోస్‌లో షార్ట్‌కట్ల పట్టికను ముందు చూస్తారు, అందులో లేని కీ అయితేనే ఫోకస్ ఉన్న విడ్జెట్‌కి వెళుతుంది. టూల్‌బార్‌లో ఉత్త బటన్లు ఉన్నంతకాలం దీనివల్ల ఏ నష్టమూ లేదు, బటన్‌కి డిలీట్ కీతో పనేముంది? నేను అక్షరాలు టైప్ చేసే డబ్బా తెచ్చి పెట్టేసరికి ఆ పట్టిక ఇంటిదొంగ అయింది. ఫోకస్ టెక్స్ట్ డబ్బాలో ఉంటే పట్టిక జోలికి వెళ్లొద్దని రాశాక కుదురుకుంది. క్యూటీలో మామూలు టెక్స్ట్ డబ్బా తనకి కావలసిన కీలని షార్ట్‌కట్‌ఓవర్‌రైడ్ అనే ఈవెంట్‌తో ముందే అడిగి తీసుకుంటుంది, మీకు ఆ బాధ లేదు. మీరే మొదటినుంచి గీసి తయారుచేసిన విడ్జెట్ అయితే ఆ అడగడం కూడా మీరే రాయాలి. పెద్దది రంగుల చక్రం సొంతంగా గీసింది కదా, ముందు అది చూసుకోమనండి.

మిగిలినవి చిన్నవి. డబ్బా వెడల్పుని అరవై పిక్సెళ్లని రాసి పెట్టకండి, అందులో పట్టాల్సిన అతిపెద్ద మాట, అంటే మీకైతే 1600%, అప్పటి ఫాంట్‌లో ఎంత వెడల్పు వస్తుందో కొలిచి పెట్టండి. ఎత్తు కూడా అంతే. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిందని ఎత్తు బిగించేస్తే, తెలుగులో పెట్టినరోజు వత్తులన్నీ కింద తెగిపోతాయి. కిటికీ సన్నగా చేసినప్పుడు టూల్‌బార్‌లో పట్టనివి చివరి బాణం గుర్తు వెనక్కి వెళతాయి, డబ్బా కూడా అక్కడికి చేరి పనిచేస్తోందో లేదో చూసుకోండి.

చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటూ పనిచేస్తారు. మామూలు బటన్ తన పేరు తనే చెప్పుకుంటుంది. మీ జూమ్ డబ్బాకి పక్కన పేరు రాసి లేదు, కాబట్టి రీడర్ ఉత్తినే "100%" అంటుంది. దేనిలో నూరు శాతం? సెట్‌యాక్సెసిబుల్‌నేమ్‌తో "జూమ్" అని పేరు పెట్టండి. రంగుల చక్రం సంగతి ఇంకా కష్టం, అది రీడర్ దృష్టిలో ఒక ఖాళీ గది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, దించుకుని కళ్లు మూసుకుని మీ ప్రోగ్రాం మీరే ఒకసారి వాడి చూడండి.

విడ్జెట్లని వాడేవాళ్లే అటూ ఇటూ మార్చుకునే ఏర్పాటు కూడా పెడతామన్నారు. పెట్టండి. కానీ ప్రోగ్రాం తనంతట తాను మార్చకూడదు. ఆఫీస్ 2000లో ఎక్కువ వాడని మెనూ ఐటమ్స్‌ని ప్రోగ్రామే దాచేసేది. నిన్నటిదాకా మూడో వరసలో ఉన్నది ఇవాళ కనిపించకపోతే చెయ్యి ఎక్కడికి పోవాలి? నాకైతే ఒళ్లు మండిపోయేది, కంప్యూటర్ కొత్తగా వాడేవాళ్లు తామే ఏదో పాడుచేశామని టెన్షన్ పడేవాళ్లు.

వచ్చే ఆదివారం కోడ్ పంపండి. పంపేముందు మౌస్ పీకేసి, ఒక గీతని సెలెక్ట్ చేసి, ట్యాబ్‌తో డబ్బా దాకా వెళ్లి, 150 అని టైప్ చేసి, సున్నాకి ముందు కర్సర్ పెట్టి డిలీట్ నొక్కండి. గీత అక్కడే ఉందో లేదో నాకు రాయండి.

మీ పెదనాన్న